దండోరాలో మొదటి పేరు

పూర్వం కోనవరంలో జనమంతా కలిసి ఒక సేవా సంఘం పెట్టుకున్నారు. సంఘం చేయబోయే పనులను, ఆ పనులు చేసేవాళ్ల పేర్లను దండోరా వేసి చెప్పేది కొండమ్మ.

ఒక ఏడు వానలు దగ్గరపడినా పంటకాలువ పూడిపోయే ఉంది. పూడిక తీయకపోతే పొలాలకు నీళ్లు రావు. ఆ కబురు చాటడానికి బయల్దేరిన కొండమ్మను ఊరిపెద్ద భూపతిరాజు ఆపాడు. సంఘం పనికి ఆయన ఏనాడూ పుల్ల ఎత్తి ఎరుగడు.

"నా ఊళ్లో నా పేరు లేని దండోరా ఏమిటే? ఇకనుంచి ప్రతి పనికీ నా పేరే ముందు చెప్పు. లేదంటే డప్పు లాక్కుంటాను" అన్నాడు.

"చిత్తం దొరా" అని కొండమ్మ వీధివీధీ తిరిగి చాటింది. "రేపు కాలువ పూడికతీత. మొదటి తట్ట భూపతిరాజుగారు ఎత్తుతారు. ఆ వెనక కుమ్మరి పేరయ్య, గానుగ సూరమ్మ..."

దొర మట్టి మొయ్యడం చూడాలని తెల్లారేసరికి ఊరంతా కాలువ దగ్గర చేరింది. పరువు పోతుందని భూపతిరాజు పట్టుపంచె ఎగ్గట్టి దిగక తప్పలేదు. దొరే బురదలో ఉంటే గట్టు మీద ఎవరు నిలబడతారు? అందరూ దిగారు. మధ్యాహ్నానికి కాలువలో పూడికంతా పోయింది.

నడుం పట్టుకుని భూపతిరాజు కొండమ్మను పిలిచాడు. "తరవాతి పని ఏమిటే?"

"తిరనాళ్లలో అన్నదానం దొరా."

"దానికి నా పేరు చిట్టచివర చెప్పు, చాలు."

"అలాగే దొరా. కాకపోతే చిట్టచివర చెప్పేది ఎంగిలి విస్తళ్లు ఎత్తేవాళ్ల పేర్లు" అంది కొండమ్మ.