సింహాద్రి ముందరి పన్ను

కోదండపాణిగారిని ప్రశ్న అడిగితే జవాబు వస్తుందని ఆశపడటం ఆ పళ్ళ ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళు మాత్రమే చేసే పని. ఆయన చిగుళ్ళ విభాగానికి పెద్ద. పాఠమైతే ధారాళంగా చెబుతారు. పాఠంలో లేనిది ఎవరైనా అడిగారో, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఆసాంతం విని, "సరే, చూద్దాం" అని లేచి వెళ్ళిపోతారు. ఆ చూడటం ఒక్కోసారి మర్నాడే జరుగుతుంది, ఒక్కోసారి ఆరునెలలు పడుతుంది. ఈలోగా అడిగినవాళ్ళు ప్రశ్న మరిచిపోయి, పరీక్షలు రాసి, పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయిన సందర్భాలూ లేకపోలేదు.

నీలవేణి మరిచిపోయే స్థితిలో లేదు. ఆమెది పీజీ రెండో ఏడు. పొద్దున్న తొమ్మిదింటికి కుర్చీ పక్కన నిలబడితే మధ్యాహ్నం రెండు దాకా ఒకటే వరస: ఊగే పళ్ళు, చీము పట్టిన చిగుళ్ళు, చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగి తాగి అంగిలి కాల్చుకున్న ముసలమ్మలు. ఆమె పని ఆ పంటి వేళ్ళకి పట్టిన గార గీకడం. వేరు నున్నబడి, పరికరం కొసకి గరుకు తగలకుండా పోయేదాకా గీకాలి. చేయి ఆగితే తిట్లు. ఇంత చేసినా, వచ్చేవాళ్ళు మరీ ఆఖర్న వస్తారు కాబట్టి, సగం పళ్ళు ఎలాగూ ఊడిపోతాయి. చేతులు నొప్పెట్టడం కాదు ఆమె బాధ. గీకించుకుంటూనే, నోట్లో పరికరం ఉండగానే, ప్రతివాళ్ళూ తమ గోడు చెప్పుకుంటారు. పోయిన నెలలో షుగరు జబ్బుతో ముప్పై నాలుగేళ్ళకే పళ్ళన్నీ వదులైపోయిన ఒకావిడ, "ఇవి కూడా పోతే మా ఆయన ఇంక ఇంటికి రాడమ్మా" అని ఏడ్చింది. ఆ ఏడుపు నీలవేణి వెంట హాస్టలు దాకా వచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది, వారం రోజులైనా కదల్లేదు.

దాంతో ఆమె తనకి తనే ఒక మందు కనిపెట్టుకుంది. పేషెంటు ముఖం వంక చూడటం మానేసింది. పేరు షీటు మీద ఉంటుంది కదా అని అడగడం మానేసింది. పన్ను, చిగురు, ఎముక, అంతే. మందు కొంత పనిచేసింది గానీ, ఆ కొంతకే మనిషి రుచీ పచీ లేకుండా అయిపోయింది. చివరికి ఒక సోమవారం, చదువు మానుకుంటున్నానని ఉత్తరం రాసుకుని కోదండపాణిగారి గదికి వెళ్ళింది.

"సార్, వీళ్ళ బాధలన్నీ నాకు పట్టేస్తున్నాయి. పళ్ళకి గార పట్టినట్టే పడుతున్నాయి. మీరు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నారు, ఎప్పుడూ స్థిమితంగా ఉంటారు. వీటిని పూర్తిగా గీకి పారేయడం ఎలాగో చెప్పండి. అలాంటిదేమీ లేదంటే ఈ ఉత్తరం తీసుకోండి, నేను శుక్రవారం ఊరెళ్ళిపోతాను."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ వేళ ఆయన కూడా బాగా డస్సిపోయినట్టు కనిపించారు. "సరే, చూద్దాం" అన్నారు. ఉత్తరం తీసుకుని సొరుగులో పెట్టారు. నీలవేణికి ఒళ్ళు మండింది గానీ, మండటానికి కూడా ఓపిక ఉండాలి కదా.

బుధవారం నాడు ఆయన ఒక మనిషిని భుజం మీద చెయ్యివేసి మరీ తీసుకొచ్చి ఆమె కుర్చీలో కూర్చోబెట్టారు. యాభైకి దగ్గరపడిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. షీటు మీద పేరు సింహాద్రి అని ఉంది. "ఇతని నోట్లో అన్నిటికంటే గట్టి పన్ను ఏదో చూసి రాయమ్మా" అని చెప్పి ఆయన పక్క కుర్చీకి వెళ్ళిపోయారు.

చేరి మూడు వారాలైన విద్యార్థికి చెప్పే పని రెండో ఏడు పీజీకి చెప్పారని ఆమె నొచ్చుకుంది. సింహాద్రి ఏదో చెప్పబోయాడు. "నోరు తెరిచే ఉంచండి" అంది. రెండు పరికరాల పిడుల మధ్య ఒక్కో పన్నూ పట్టి ముందుకీ వెనక్కీ తోసి చూసింది. ఎంత ఆరోగ్యమైన పన్నయినా ఆ తోపుకి వెంట్రుకవాసి కదులుతుంది. అతనివీ అలాగే కదిలాయి. పై వరసలో ఎడమవైపు ముందరి పన్ను మాత్రం గోడకి మేకు కొట్టినట్టుంది, ఆ వెంట్రుకవాసి కూడా లేదు. ఏడాది పైగా ఊగే పళ్ళతో వేగుతున్న మనిషేమో, దాన్ని చూస్తే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. దాని నంబరు రాసి, కింద గీత కూడా గీసింది.

కోదండపాణిగారు వచ్చి షీటు చూశారు. "ఇతనేం చేస్తుంటాడు?" అన్నారు.

"అడగలేదు సార్."

"ఈ పంటికి ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

"అడగలేదు సార్."

ఆయన కోప్పడలేదు. అద్దం పిడి ఆమె చేతికిచ్చి తట్టమన్నారు. మిగతా పళ్ళు తడితే మెత్తగా, మూసుకున్న తలుపు మీద తట్టినట్టు పలికాయి. ఆ పన్ను ఇత్తడి గ్లాసులా ఖంగుమంది. నీలవేణి చెవులు ఎర్రబడ్డాయి. పన్ను ఎముకలో పాతి ఉండదని, వేరుకీ ఎముకకీ నడుమ వెంట్రుకంత సందులో వేల నారపోగులు పంటిని ఉయ్యాల్లో పెట్టినట్టు పట్టుకుని ఉంటాయని, అన్నంలో చిన్న రాయి పడ్డా చప్పున కబురు తెచ్చేవి అవేనని ఆమె ఎన్ని పరీక్షల్లో రాసిందో లెక్కలేదు. ఈ పంటికి ఆ పోగులు లేవు. వేరు నేరుగా ఎముకకే అతుక్కుపోయింది. గట్టిదని ఆమె గీత గీసి మరీ చూపించింది ఆ నోట్లో చచ్చిన ఒకే ఒక్కదాన్ని.

"ఇప్పుడు అడుగు" అని కోదండపాణిగారు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

ఆమె నెల తర్వాత మొదటిసారి ఒక పేషెంటు ముఖం వంక చూసింది. "ఏమైందండీ ఈ పంటికి?"

"నాది సన్నాయండమ్మా" అన్నాడు సింహాద్రి, అడిగినందుకు సంబరపడిపోతూ. "పందొమ్మిదేళ్ళయిపోనాది. పెళ్ళోరి వ్యాను దిగతా జారి సన్నాయి మీదే పడ్డాను. పన్ను ఏరుతో సహా ఊడి చేతిలోకొచ్చీసింది. పాలల్లో ఎయ్యమని ఎవలో అంటే, టీకొట్టు కాడ గ్లాసుడు పాలట్టుకుని ఇక్కడికి పరిగెట్టాను. ఈ బాబే చూశారు. ఎంత శ్రద్ధనుకున్నారు! ఆ ఏరుని గీకి గీకి, దీపం కుంది తోమినట్టు తెల్లగా మెరిపించి మరీ పెట్టారు."

నీలవేణి చేతిలో అద్దం ఆగిపోయింది. కిటికీ వైపు చూసే ధైర్యం లేకపోయింది. జబ్బుపడ్డ నోట్లో వేరు గీకడం వైద్యం. దెబ్బ తగిలి అప్పుడే ఊడిన పంటికి గీకుడే చావు. దాని వేరు మీద ఎర్రగా, పల్చగా, జిడ్డులా అంటుకుని ఉండే పొర ఆ నారపోగులే. అవి బతికి ఉంటే మళ్ళీ ఎముకని పట్టుకుంటాయి. దాన్ని ముట్టుకోకూడదని మొదటి ఏడు పిల్లలకి కూడా తెలుసు. రోజూ పంటి వేళ్ళు గీకేవాళ్ళ చేతులు తప్ప ఇంకెవరి చేతులూ ఆ తప్పు అంత చక్కగా చెయ్యలేవు.

"మరి వాయించడానికి ఇబ్బంది లేదా?" అని అడిగింది.

"గట్టిగానే ఉన్నాదమ్మా. గానీ దానికేటీ తెల్దు." అతను పెదవి మీద వేలు పెట్టి చూపించాడు. "సన్నాయి పీక మీద పెదవి బిగిస్తే, ఎంత బిగించానో పెదవెనకాల పళ్ళకి తెలుస్తాది. దీనికి తెల్దు. కుడేపుకి తిప్పుకుని వాయించడం అలవాటు చేసుకున్నాను. బాబు ఏటేటా కబురెట్టి చూస్తన్నారు. పాపం, ఆయనికి నేనంటే అభిమానం."

ఎక్స్‌రే తీశారు. మిగతా పళ్ళ వేళ్ళ చుట్టూ సన్నటి నల్లగీత ఉంది. ఈ పంటికి గీత లేదు, వేరు కూడా సరిగ్గా లేదు. ఎముక దాన్ని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తినేసి తనలో కలుపుకుంది. పైన తెల్లటి పన్ను మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ఏ పెళ్ళి పందిట్లోనో విరిగేలోపు తీసేయాల్సిందే. ఆ మాట చెప్పాల్సింది నీలవేణి. ఇలాంటి మాటలు గోడకి చెప్పినట్టు చెప్పడం ఈ నెలలో బాగానే సాధన చేసింది, కానీ సగంలోనే అతని ముఖం వంక చూసేసింది. ఆమె ఏడ్చింది, దాచుకోలేదు కూడా.

"ఊరుకోండమ్మా, పందొమ్మిదేళ్ళు పనిచేసింది గదా" అని సింహాద్రే ఆమెని ఓదార్చాడు. తర్వాత చిన్న గొంతుతో, "వైశాఖం ముహూర్తాలకి వాయించగల్నా?" అన్నాడు. ఇల్లు గడిచేది ఆ ముహూర్తాల మీదే.

"అప్పటికి కుదురుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనండీ. కట్టుడు పంటితో మళ్ళీ నేర్చుకోవాలి. శనివారం సన్నాయి కూడా తీసుకురండి. పెదవి ఎక్కడ ఆనుతుందో, ఎంత బిగిస్తారో చూస్తేగాని ఆ పన్ను ఎలా చేయించాలో నాకు తెలీదు" అంది నీలవేణి. అన్నాక గానీ, శనివారం తనిక్కడే ఉంటానని మాటిచ్చేసినట్టు ఆమెకి తట్టలేదు.

సింహాద్రి ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు. కోదండపాణిగారు వచ్చి, ఖాళీ అయిన కుర్చీ అంచు మీద కూర్చున్నారు. ఆయన్ని అలా కూర్చోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"గీకకూడదని మీకు తెలీదా సార్?"

"తెలుసమ్మా. అంతకుముందు వారమే క్లాసులో చెప్పాను" అన్నారాయన. "ఆ పూట బాగా అలిసిపోయి ఉన్నాను. మురికిలా కనిపించింది."