మంగళవారం మూడింటి మనిషి

హిమజ పరిశోధన అంతా బాగానే తేలింది. అక్క మాత్రం ఫోన్ ఎత్తడం లేదు.

ఆ పరిశోధన వ్యక్తిత్వ లోపాల మీద. ప్రేమైనా భయమైనా కోపమైనా మోతాదు మించి వచ్చిపడి, అయినవాళ్లతో ఇమడలేక, వాళ్లు లేకుండా బతకలేక నలిగిపోయే మనుషుల మీద. వాళ్లలో సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ ఎంతుంది, దాన్ని పెంచితే బతుకు ఎంత తేలికపడుతుంది అన్నది ప్రశ్న. పేరు పెద్దదే గాని విషయం చిన్నది. బాధ వచ్చినప్పుడు దాన్ని తరిమెయ్యాలని చూడకుండా, పక్కన కూర్చోనిచ్చి, మనకు ముఖ్యమనుకున్న పని మనం చేసుకుపోవడం. చెప్పడానికి ఇంత తేలిక కాబట్టే ఎవరికీ చేతకాదు, ఎవరికీ చేతకాదు కాబట్టే దాని మీద అన్ని పరిశోధనలు.

హిమజకి గురువు డాక్టర్ రూతు సుగుణ గారు. పొద్దున యూనివర్సిటీలో పాఠాలు, మధ్యాహ్నం నుంచి కాకినాడ బీచ్ రోడ్డు దగ్గర తన క్లినిక్‌లో పేషెంట్లు. మెట్లెక్కితే మొదటి అంతస్తు ఆవిడది, ఆ పైది పళ్ల డాక్టరుది. ఆవిడ తక్కువ మాట్లాడతారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఆవిడ చెప్పిన మాటలకంటే ఊరుకున్న సందర్భాలే ఎక్కువ తలుచుకుంటారు.

హిమజ తన థీసిస్ మీద సంతకం కోసం వెళ్లేసరికి ఆవిడ దాన్ని మొత్తం చదివి ఉన్నారు. పట్టికలకీ లెక్కలకీ వంక పెట్టలేదు. ఒక్క వాక్యం కింద మాత్రం పెన్సిల్ గీత ఉంది. 'మధ్యలో మానేసినవారిని లెక్కలోకి తీసుకోలేదు' అన్న వాక్యం అది.

"వీళ్లు ఎక్కడికెళ్లారమ్మా?"

"డ్రాపౌట్స్ అండీ మేడమ్. అన్ని స్టడీల్లోనూ ఉంటారు కదండీ. ఫోన్లు చేశాం, రాలేదు. తీసేశాం."

తప్పేం కాదు, పద్ధతి అదే. రూతు సుగుణ గారు తల ఊపి సంతకం పెట్టేశారు. సంతకం అయ్యాక కూడా హిమజ కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకేంటి?"

"మా అక్క సంగతి మేడమ్."

అక్క పేరు వసంత. అమ్మ ఉద్యోగానికి వెళ్తే హిమజకి జడలు వేసింది, ముద్దలు పెట్టింది, స్కూలు గేటు దగ్గర ఎండలో నిలబడింది వసంతే. ప్రేమొస్తే ప్రాణం పెట్టే మనిషి. అనుమానమొస్తే అదే చేత్తో ఇల్లు పీకి పందిరి వేసేది. చేసిన ఉద్యోగాలు నిలబడలేదు. పెళ్లీ నిలబడలేదు. చివరికి ఒక బ్యాగు పట్టుకుని కాకినాడలో చెల్లెలి గదికి వచ్చింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒక సాయంత్రం హిమజ పరిశోధన పేషెంట్ల దగ్గర ఆలస్యమై, ఫోన్ చెయ్యడం మరిచిపోయి ఇంటికి చేరింది. వసంత గుమ్మంలోనే అందుకుంది. "నువ్వూ నన్ను వదిలించుకుంటావు. నాకు తెలుసు. అందరూ వదిలించుకున్నారు, నువ్వెంత" అని అరిచింది. ఆ మాటలన్నీ హిమజ పొద్దుటినుంచీ పేషెంట్ల నోట విన్నవే. అలవాటైపోయిన మెత్తని గొంతుతో జవాబు చెప్పింది.

"అక్కా, ఇప్పుడు మాట్లాడుతున్నది నువ్వు కాదు. నీ డిజార్డర్."

పుస్తకాల్లో అది దయగల మాటే. మనిషిని రోగం నుంచి విడదీసి చూడమని చెబుతారు. కానీ పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా సొంత అక్కతో అనేది కాదు. మనసుల గురించి బాగా చదువుకున్నవాళ్లు మాత్రమే చెయ్యగల పొరపాటు అది. చదువుకోని చెల్లెలైతే నాలుగు తిట్లు తిరిగి తిట్టి, కాసేపు ముఖం మాడ్చుకుని, ఆ పప్పే కలిపి పెట్టేది.

వసంత అరవడం ఆపేసింది. "ఇంతసేపూ మాట్లాడింది నేనేనే. నీకు వినబళ్లేదా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. మర్నాడు పొద్దున్నే బ్యాగు సర్దుకుని సామర్లకోట వెళ్లిపోయింది. అక్కడ ఒక బట్టల షాపులో పనికి కుదిరిందని తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు.

అప్పటినుంచీ హిమజ ఊరుకోలేదు. ఫోన్లు చేసింది, ఎత్తలేదు. మెసేజీలు పెట్టింది. ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్లు, ఈ ఊపిరి వ్యాయామం చెయ్యి, ఈ వీడియో ఒక్కసారి చూడు. చదివినట్టు నీలం టిక్కులు పడేవి. జవాబు వచ్చేది కాదు.

"నా పేషెంట్లకి తేలికపడింది మేడమ్. నెంబర్లు మీరు చూశారు కదా. మా అక్క దగ్గర ఏ పద్ధతీ పనిచెయ్యట్లేదు. నాకు తెలిసినవన్నీ అయిపోయాయి. మీకు తెలిసింది ఏదైనా ఉంటే చెప్పండి" అంది హిమజ. అక్కడితో ఆగాల్సింది, ఆగలేకపోయింది. "నాకు మా అక్క కావాలండీ."

రూతు సుగుణ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మంగళవారం మూడింటికి రా. అదొక పేషెంటు టైము."

"నేను గదిలో ఉంటే ఆయనకి ఇబ్బందేమోనండీ."

"ఆయన రాడు" అన్నారు ఆవిడ.

మంగళవారం హిమజ వెళ్లేసరికి బయట నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. రిసెప్షన్‌లో కనకం మూతి ముడుచుకుని ఉంది. "ఆయనొస్తారేంటండీ? ఎన్ని మంగళవారాలైపోయిందో. వీళ్లలో ఒకళ్లని లోపలికి పంపుతానంటే మేడమ్‌గారు వినరు" అంది. అప్పుడే మూడయింది. రూతు సుగుణ గారు తనే వచ్చి గది తలుపు బార్లా తీశారు. ఫ్యాను వేశారు. పేషెంటు కుర్చీని ఎదురుగా కాకుండా కొంచెం కిటికీ వైపు తిప్పారు, ఆయనకి అలా ఇష్టమట. చిన్న బల్ల మీద గ్లాసుతో మంచినీళ్లు పెట్టి తన కుర్చీలో కూర్చున్నారు.

హిమజ గోడ పక్కన స్టూలు మీద కూర్చుంది. అలవాటుగా ఫోన్ తీసింది. ఆవిడ చెయ్యి చాపి దాన్ని తీసుకుని సొరుగులో పెట్టేశారు.

ఊరికే కూర్చోవడం హిమజకి చేతకాని పని. కాసేపు ఆ రాని మనిషి గురించి అంచనాలు వేసింది. తప్పించుకునే రకమా, అతుక్కుపోయే రకమా, లేక రెండూనా? ఉండబట్టలేక అడిగేసింది.

"ఆయన డయాగ్నసిస్ ఏంటి మేడమ్?"

"ఇంకా రాలేదుగా."

హిమజ తిరిగి గోడకి ఆనుకుంది. ఫ్యాను తిరుగుతోంది. అక్క కనిపిస్తే ఏం మాట్లాడాలో మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టింది. ముందు క్షమాపణ, తర్వాత అక్క వైపునుంచి అర్థం చేసుకుంటున్నానన్న మాట, ఆ తర్వాత నెమ్మదిగా డాక్టరు ఊసు. ఎన్నిసార్లు పేర్చినా అది అక్కతో మాటలా లేదు, ఇంటర్వ్యూలా ఉంది. విసుగొచ్చి వదిలేసింది. వదిలెయ్యగానే, పిలవకుండానే, వసంత వచ్చింది. నూనె రాసి జడ ఎంత బిగించి వేసేదంటే కనుబొమలు పైకి లాగేసేవి. నొప్పే అంటే నెత్తి మీద ముద్దుపెట్టి మళ్లీ అంతే బిగించేది. కూర కారమేమోనని ముందు తన అరచేతిలో వేసుకుని నాకి చూసేది. హిమజకి ఆ అరచెయ్యి కావాలనిపించింది. అక్క బాగుపడాలనీ కాదు, మారాలనీ కాదు. ఉన్నదున్నట్టు, అరుస్తూ అయినా సరే, ఎదురుగా ఉంటే చాలుననిపించింది. లేచి బయటికి వెళ్లిపోదామనుకుంది, వెళ్లలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

రూతు సుగుణ గారు నిటారుగా కూర్చున్నారు. పమిట సర్దుకున్నారు. ముఖంలోకి వెలుగొచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ ముఖం అలా వెలగడం హిమజ చూడలేదు. అడుగులు గుమ్మం దాకా వచ్చి, ఆగకుండా పై అంతస్తుకి ఎక్కిపోయాయి. పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లెవరో. ఆవిడ భుజాలు మెల్లగా దిగిపోయాయి.

హిమజ ఆశ్చర్యపోయింది. ఆవిడకి ఇవన్నీ అలవాటైపోయి ఉంటాయనుకుంది ఇన్నాళ్లూ.

"మీకు బాధగా ఉండదా మేడమ్?"

"ఉంది."

"మరి?"

"ఇంకా టైముంది" అన్నారు ఆవిడ, తలుపు వైపు చూస్తూ.

నాలుగవుతుండగా లేచి ఫ్యాను ఆపారు. గ్లాసు కనకానికి ఇచ్చి, తర్వాతి పేషెంటుని పంపమన్నారు. హిమజకి ఒకటే సందేహం పట్టుకుంది.

"ఆయన చోటు ఇంకొకరికి ఇవ్వొచ్చుగా మేడమ్. బయట అంతమంది ఉన్నారు."

"ఆఖరిసారి ఆయన ఇక్కణ్నుంచి లేచి వెళ్తూ ఒక మాటన్నాడు. 'నేను రాకపోతే నా చోటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు, మీరూ అందరిలాంటివాళ్లే' అని."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

హిమజ మెట్లు దిగి చాలాసేపు బీచ్ రోడ్డు పక్కనే నిలబడింది. ఆ సాయంత్రం అక్కకి మెసేజీ పెట్టింది. ఆరోగ్యం ఎలా ఉందని రాసి చెరిపేసింది. మందులు వాడుతున్నావా అని రాసి అదీ చెరిపేసింది. చివరికి మిగిలింది ఇంతే. 'ఆదివారాలు సాయంత్రం ఐదింటినుంచి ఆరింటిదాకా సామర్లకోట స్టేషన్‌లో ఒకటో నెంబరు ప్లాట్‌ఫారం మీద ఉంటాను. నువ్వు రావాలని కాదు. ఆ గంట నీది.'

నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఆదివారం హిమజ వెళ్లి బెంచీ మీద కూర్చుంది. పల్లీలమ్మేవాడు వచ్చి వెళ్లాడు. రైళ్లు వచ్చి వెళ్లాయి. దిగినవాళ్లలో, ఎక్కినవాళ్లలో, వంతెన దిగుతున్నవాళ్లలో ప్రతి ముఖాన్నీ వెతికింది. వసంత రాలేదు. ఆరయ్యాక బండెక్కి, కిటికీ వైపు ముఖం తిప్పుకుని కాకినాడ దాకా ఏడ్చింది. పై ఆదివారం మళ్లీ వెళ్లింది. ఆ పై ఆదివారం కూడా.

రూతు సుగుణ గారు చాలాకాలం ఏమీ అడగలేదు. ఒకరోజు కారిడార్‌లో ఎదురుపడి ఆగారు.

"ఎలా ఉందమ్మా?"

"నొప్పిగా ఉంది మేడమ్."

"ఊఁ" అన్నారు ఆవిడ. శిష్యురాలి భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, క్లాసుకి వెళ్లిపోయారు.

వానలు పడుతున్న ఒక ఆదివారం, హిమజ తల తిప్పి చూసేసరికి కుళాయి దగ్గర వసంత నిలబడి ఉంది. గొడుగు మూసే ఉంది, జుట్టు తడిసి ఉంది. ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు. వెనకటి హిమజ అయితే ఆ ముఖంలో లక్షణాలు వెతికేది. ఇప్పుడు అక్క చిక్కిపోయిందనుకుంది, అంతే. పరిగెత్తి పట్టుకోవాలనిపించింది. కూర్చునే ఉంది.

వసంత దగ్గరికి వచ్చి, చెయ్యి అందనంత దూరంలో ఆగింది.

"ఏ రీసెర్చికి కూర్చున్నావిక్కడ?"

"ఏం లేదక్కా."

వసంత స్టేషన్ గడియారం వైపు చూసింది.

"ఆరైతే లేచి వెళ్లిపోతావుగా. నాకు తెలుసు. నువ్వూ అంతే."

ఆ మాటకి చెప్పగల జవాబులు హిమజకి చాలానే వచ్చాయి. అన్నీ నిజమైనవే, అన్నీ మంచివే.

హిమజ ఏమీ అనలేదు. బెంచీ మీద కాస్త పక్కకి జరిగింది.