తాళాల మధ్య నూకాలు చెయ్యి

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ మీద చదువుల మఠం ఉండేది. నూకాలు అనే ఆమె కింది వాగు నుంచి అక్కడికి నీళ్లు మోసేది.

ఆ మఠంలో ఒక ఆచారం. చదువు ముగించిన శిష్యుణ్ణి సభ మధ్య నిలబెట్టి ప్రశ్నలు అడుగుతారు. తోటివాళ్లు చుట్టూ చేరి కంచు తాళాలు మోగిస్తారు. ఆ మోతలో తడబడనివాడికే శాలువా. మూడుసార్లు తప్పినవాడు కొండ దిగి పోవాలి.

అప్పలకొండ అనే శిష్యుడికి నక్షత్రాల లెక్కలంటే ప్రాణం. కానీ తాళాలు మోగితే చెవులు మూసుకుని నేల మీద ముడుచుకుపోయేవాడు. ఎవరి కళ్లలోకీ చూడలేకపోయేవాడు. చెవిలో జెర్రి దూరిందేమిరా అని తోటివాళ్లు నవ్వేవారు.

మొదటిసారి తప్పాడు. ఆ మోత కాసేపు ఆపించమని నూకాలు గురువును బతిమాలింది. నియమం అందరికీ సమానం అన్నాడు గురువు.

రెండోసారి తప్పాడు. నూకాలు మళ్లీ బతిమాలింది. నియమం అందరికీ సమానం అన్నాడు గురువు. అందరి కాళ్లకూ ఒకే చెప్పు తొడిగి, దానికి సమానత్వమని పేరు పెట్టుకున్నారు.

మూడోసారి అప్పలకొండ మూట కట్టుకునే వచ్చాడు. తాళాలు మోగాయి. అతను కూలబడ్డాడు. నూకాలు బిందె దించింది. నడిచి వెళ్లి, అన్నిటికన్నా పెద్ద తాళాల మధ్య చెయ్యి పెట్టింది. వాయించేవాడు ఆపుకోలేకపోయాడు. కంచు మోగలేదు. వేళ్లు నలిగాయి. అది చూసి మిగతా తాళాలూ ఆగాయి.

"ఇప్పుడు చెప్పు నాయనా," అంది నూకాలు. "గోడకేసి చూసే చెప్పు."

అతను చెప్పాడు. అడిగినవీ చెప్పాడు, అడగనివీ చెప్పాడు. శాలువా కప్పారు. సంబరం చేశారు.

నూకాలు మరి బిందె ఎత్తలేకపోయింది. నీళ్లకు ఇంకొకరిని పెట్టుకున్నారు. చెయ్యి చీము పట్టింది. వర్షాలు రాకముందే ఆమె పోయింది.

కబురు వచ్చినప్పుడు, ఆ రోజు ఆమెకు కట్టు కట్టిందెవరని అప్పలకొండ సభలో అడిగాడు. నేను కాదంటే నేను కాదన్నారు అందరూ.

"నేనూ కట్టలేదు," అన్నాడు అప్పలకొండ.

అప్పుడు గురువు అన్నాడు: "ఆమె కాసేపు నిశ్శబ్దం అడిగింది. మనం ఆమె చెయ్యే తీసుకున్నాం."

ఇప్పటికీ ఆ వైపు, పరీక్షకు ముందు గురువే శిష్యుడి దగ్గరకు వెళ్లి, నీకేది అడ్డమని అడుగుతాడు. మోతైతే ఆపుతారు. వెలుగైతే తెర వేస్తారు. మనుషులైతే మనుషులే బయటికి పోతారు. దాన్ని నూకాలు చెయ్యి అంటారు. ఎవరైనా అది తమ మంచితనమన్నట్టు చెప్పబోతే, పెద్దవాళ్లు ఆపి, తల దించుకుని చెప్పమంటారు.