తుడిచిన గిన్నె

నూనె పరీక్షలో తప్పింది. ఆరుసార్లు పరీక్షిస్తే నిప్పురవ్వ దూకకుండా అది తట్టుకున్నది సగటున ఇరవై నాలుగు కిలోవోల్టులే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇవ్వాలంటే నలభైకి తగ్గకూడదు. నూనె మొత్తాన్ని తిరస్కరిస్తూ అసిస్టెంట్ ఇంజనీరు శేషఫణి లేఖ తయారుచేశాడు.

ఎత్తిపోతల పంపులకు ఆ ట్రాన్స్‌ఫార్మరే ఆధారం. వేరే నూనె రావడానికి మూడు వారాలు పడుతుంది. నాలుగు ఊళ్ల మిరప అన్నాళ్లు ఆగదు.

"ఆ నూనెలో ఇంకెన్ని వాయిలు తీస్తారు సారూ?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ రైతు ఈరయ్య. "అక్కడ మా మిరప వేగిపోతోంది."

శేషఫణి ఖాసిం సాహెబును పిలిపించాడు. ముప్పై ఏళ్లు నూనె పరీక్షలే చేసి పదవీ విరమణ పొందిన ఆయనే శేషఫణికి ఈ పని నేర్పినవాడు.

"సాహెబ్ గారూ, నా పద్ధతిలో లోపం లేదు. సీసా పొడిది. ట్యాంకు అడుగు వాల్వు తిప్పి, మొదట వచ్చిన నూనె వదిలేశాకే పట్టాను. పరీక్ష చేసే గాజు గిన్నెను కొత్త నూలు గుడ్డతో ముఖం కనిపించేలా తుడిచాను. ఇంత శుభ్రంగా మీరు కూడా తుడిచి ఉండరు."

"ఉండను," అన్నాడు సాహెబు.

ఆయన గిన్నె ఖాళీ చేశాడు. అదే సీసాలోని నూనె కొంచెం పోసి, గిన్నెను గుండ్రంగా తిప్పి పారబోశాడు. మరోసారి అలాగే చేశాడు. తరువాత నిండుగా పోసి, మూతపెట్టి కూర్చున్నాడు. నూనెలో బుడగలు తేలిపోయేదాకా పది నిమిషాలు ఆగాడు. మీట నొక్కాడు. నూనెలో ఎదురెదురుగా ఉన్న రెండు ఇత్తడి గుండ్ల మధ్య నిప్పురవ్వ దూకేసరికి ముల్లు యాభై ఎనిమిది చూపింది.

"ఒక్క అంకెతో నేను ఒప్పుకోలేను," అన్నాడు శేషఫణి. "ఇంతసేపట్లో సీసాలో బుడగలు తేలిపోయి ఉండవచ్చు."

"ఒప్పుకోవద్దు. మళ్లీ తుడువు."

శేషఫణి అదే గుడ్డతో, అంతే శ్రద్ధగా తుడిచాడు. అదే సీసా, అవే పది నిమిషాలు.

ఇరవై మూడు.

సాహెబు గిన్నెను ఎత్తి కిటికీ వెలుగుకు పట్టాడు. రెండు గుండ్ల నడుమ, చూపుకు ఆనీ ఆనని నూలు పోగులు నిప్పురవ్వకు వంతెన కట్టినట్టు మెల్లగా కదులుతున్నాయి.

శేషఫణి చాలాసేపు చూశాడు. తరువాత లేఖను చించాడు.

"అయితే నూనె మంచిదేనా సారూ?" అన్నాడు ఈరయ్య.

"ఇంకా తెలియదు. పొద్దుటినుంచి నేను పరీక్షించింది నా గుడ్డను." శేషఫణి గురువు వైపు తిరిగాడు. "గిన్నెను దేనితో శుభ్రం చేయమంటారు?"

"దేన్ని పరీక్షించాలో దానితో."

ఆరు పరీక్షలూ మొదటినుంచి చేశారు. సగటు యాభై ఏడు. మర్నాడు పంపులు తిరిగాయి.

పరీక్షల రిజిస్టరులో ఆ తేదీకి ఎదురుగా రెండు సగటులూ ఉన్నాయి. ఇరవై నాలుగును శేషఫణి కొట్టివేయలేదు. పరీక్ష తప్పడానికి కారణం రాయవలసిన గడిలో మాత్రం, 'నూనె' అన్న అచ్చుమాటను కొట్టేసి, 'పరీక్షించినవాడు' అని రాశాడు.