లంబసింగి కారులో చల్లగాలి

“గవర్రాజూ! తమ్ముడూ గవర్రాజూ! బోనెట్ ఎత్తు, బేగి!”

కారు ఇంకా పూర్తిగా ఆగనేలేదు, డ్రైవరు కొండబాబు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు. లంబసింగి కొండెక్కే ఘాటు మొదలయ్యే చోట, రోడ్డు పక్కన వరహాలు మేస్త్రి గారి షెడ్డు. పుష్యమాసం పొద్దు. కొండ దిగి వచ్చిన మంచు షెడ్డు రేకుల మీద కాసేపు కూర్చుని, బొట్లు బొట్లుగా కిందికి రాలుతోంది. అంత అందమైన పొద్దున్న ఎవరికైనా కష్టం వస్తుందంటే నమ్మబుద్ధి కాదు.

సరిగ్గా అప్పుడే శిష్యుడు గవర్రాజు గురువుని ఒక ప్రశ్న అడిగి నిలబడి ఉన్నాడు. “ఇంజన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదే కదా, గురువుగారూ?” చలి మొదలైనప్పటినుంచి అతను అదే అడుగుతున్నాడు. మేస్త్రి గారికి ఒక అలవాటుంది. ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటూ ఉంటారు. ఈలోపు ఏదో ఒక బండి వస్తుంది. ఆ రోజు కొండబాబు కారు వచ్చింది.

వెనక సీట్లో అతని భార్య పైడితల్లి, ఆమె ఒళ్ళో పసిపిల్ల. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఆస్పత్రి వాళ్ళు ఇన్నాళ్ళూ గాజుపెట్టెలో వెచ్చగా ఉంచి, ఆ పొద్దునే ఇంటికి పంపారు. చలి తగలనివ్వొద్దని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. ఇల్లేమో కొండ మీద. కారులో హీటరు పెడితే చల్లగాలి కొడుతోంది.

“ఏటి తమ్ముడూ ఇది? హీటరు పెడితే విసనకర్ర అయిపోనాది!” అని కొండబాబు నవ్వబోయి, నవ్వలేకపోయాడు. “డేష్‌బోర్డు మొత్తం విప్పాలంటన్నారు కింద నర్సీపట్నంలో మెకానిక్కులు. సాయంత్రం దాకా పడతాదట. ఆ చలిలో ఈ పిల్లతో నేను ఘాటెక్కలేను.”

“అమ్మా, నువ్వు పిల్లనెత్తుకుని ఆ టీకొట్లో పొయ్యి దగ్గర కూర్చో,” అన్నారు మేస్త్రి గారు. “డేష్‌బోర్డు జోలికి ఇప్పుడే పోవద్దు.”

ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు, అదే కూలెంట్, నిండుగానే ఉంది. ఇంజన్లో కాగిన ఆ నీళ్ళు హీటరులోకి వెళ్ళే గొట్టం, తిరిగొచ్చే గొట్టం రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. అంటే హీటరులో అడ్డమేమీ లేదు, అందులోకి వచ్చే నీళ్ళకే వేడి లేదు. నర్సీపట్నం నుంచి నడిచొచ్చిన బండికి టెంపరేచర్ ముల్లు ఇంకా నిద్ర లేవనట్టు అడుగునే ఉంది.

“రేడియేటరు పై పైపు పట్టుకో. ఎలాగుంది?”

“ఇదీ గోరువెచ్చగానే ఉందండి.”

“ఇంజన్ కాగకుండానే నీళ్ళు అక్కడికెలా వచ్చేశాయిరా?”

గవర్రాజు పైపు వదిలి తల దించుకున్నాడు. ఎలా వచ్చాయో అతనికి తెలుసు. ఇంజనుకీ రేడియేటరుకీ మధ్య థర్మోస్టాట్ అని ఒక చిన్న వాల్వు ఉంటుంది. ఇంజన్ వేడెక్కేదాకా అది నీళ్ళని రేడియేటరుకి పోనివ్వకుండా మూసుకుని ఉంటుంది, వేడెక్కాక తెరుచుకుంటుంది. అది లేకపోతే నీళ్ళు కాగకముందే రేడియేటరులో చల్లారిపోతూ ఉంటాయి. పోయిన వేసవిలో ఇదే కారు ఘాటు మధ్యలో మరిగి ఆగిపోయింది. గురువుగారు ఊళ్ళో లేరు. వాల్వు మూసుకుని బిగిసిపోయిందని గవర్రాజే కనిపెట్టాడు. కొత్తది దొరక్క, ఉన్నది పీకేసి బండి పంపేశాడు. కింద ఊళ్ళ ఎండల్లో చాలామంది చేసే పనే. కారు మళ్ళీ మరగలేదు. గవర్రాజు చెయ్యి పడితే రోహిణిలో కూడా బండి ఐసుగడ్డేనని కొండబాబు ప్రతి టీకొట్లోనూ చెప్పుకొచ్చాడు. ఆ పొగడ్త మల్లెల వాసనలా గవర్రాజు వెంటే తిరిగింది. తర్వాత కొత్త వాల్వు తెప్పించాడు గాని, వెయ్యాలంటే ఇన్నాళ్ళూ లేదని చెప్పుకోవాలి. అందుకని అది షెడ్డులో మేకుకి వేలాడుతూనే ఉండిపోయింది.

“వాల్వు వెయ్యాలి, తీసుకురా,” అన్నారు మేస్త్రి గారు. షెడ్డులో ఉందా లేదా అని కూడా అడగలేదు.

గవర్రాజు నీళ్ళు దించి, వాల్వు కూర్చోబెట్టి, మళ్ళీ నీళ్ళు నింపి, గాలి పోనిచ్చి ఇంజన్ స్టార్ట్ చేశాడు. పైడితల్లి, కొండబాబు పిల్లతో వచ్చి కారులో కూర్చున్నారు.

“పై పైపు మీద చెయ్యి ఉంచు,” అన్నారు గురువుగారు. “వేడి తగిలేదాకా తియ్యకు.”

పైపు చల్లారుతూ ఉంది. లోపల ముల్లు మాత్రం కదిలింది, మెల్లగా మెల్లగా పైకి లేచింది.

“వచ్చింది! ఎచ్చటి గాలి వచ్చింది!” అని పైడితల్లి అరిచింది. పిల్ల పాదాల మీద నోటితో ఊదుతున్న మొగుణ్ణి పక్కకి నెట్టింది. “నువ్వింక ఊదకయ్యా బాబూ, పిల్లకి బీడీ కంపు అంటుకుపోతంది.”

కొండబాబు కళ్ళు తుడుచుకుంటూ దిగి వచ్చాడు. “ఎండాకాలం నన్ను గట్టెక్కించావు, చలికాలం నా పిల్లని గట్టెక్కించావు. దీనికి బారసాలనాడు నువ్వే ముందు పేరు పెట్టి పిలవాలి తమ్ముడూ!”

ఊరుకుంటే సరిపోయేది. పిల్ల వెచ్చగా ఉంది, కారు సిద్ధంగా ఉంది, మేస్త్రి గారు కొండవైపు చూస్తున్నారు. కాని ఆ పిల్ల పేరు తన నోట రావాలనేసరికి గవర్రాజు తల అడ్డంగా ఊపాడు.

“అన్నా, హీటరు చల్లబడింది వాల్వు పాడై కాదు. అసలు అక్కడ లేనే లేదు. ఎండాకాలంలో నేనే పీకేశాను, మళ్ళీ పెట్టలేదు. నువ్వు పొగుడుతుంటే చెప్పలేకపోయాను. ఇందాక పిల్ల వణుకుతుంటే కూడా చెప్పలేదన్నా.”

కొండబాబు వెనక్కి తిరిగి కారులోకి చూశాడు. పిల్ల నిద్రపోతోంది. పెద్ద నిట్టూర్పు విడిచాడు.

“అప్పుడే చెప్తే నాలుగు తిట్లతో పోయేది కదరా, ఎదవా!”

గవర్రాజు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. మేస్త్రి గారు మెల్లగా, ఇంకా పైపు మీదే ఉన్న అతని మణికట్టు పట్టుకున్నారు.

“చెయ్యి తియ్యరా, కాలుతుంది. వాల్వు తెరుచుకుంది.”