అరచేతిలోని న్యాయదేవత

పడమటి సముద్రపు ఒడ్డున, ఇటలీ దేశంలో, మన తాతల తాతలకూ తెలియనంత పాత కాలంలో ఒర్తెన్సియో అనే ప్రభువు ఉండేవాడు.

న్యాయపీఠం ఎక్కినప్పుడల్లా ఆయన అరచేతిలో ఇమిడే ఒక కంచు పలకను పట్టుకునేవాడు. దానిని పోతపోసినది ఓర్సోలా అనే శిల్పి. ఎంత చిన్న పలక! అందులో ఎంత పెద్ద లోకం! నడుమ న్యాయదేవత. ఒక చేత త్రాసు, ఒక చేత ఖడ్గం, పాదాల చెంత మోకరిల్లిన దీనుడు. గోరంత ముఖంలో సముద్రమంత గాంభీర్యం.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. సాక్ష్యం వినేటప్పుడు ప్రభువు బొటనవేలు త్రాసు మీద ఉండాలి. క్షమించేటప్పుడు దీనుడి మీద. శిక్షించేటప్పుడు ఖడ్గం మీద.

ఒకనాడు ఓర్సోలా భర్త తద్దేయోను బంధించి కొలువుకు తెచ్చారు. అతడు గంటలు పోతపోసేవాడు.

"ప్రభూ, చర్చి గంటకు మనమిచ్చిన కంచు ఎక్కువ, గంట తూగినది తక్కువ. మిగిలినది వీడు మింగాడు!" అన్నాడు కోశాధికారి.

"మింగితే అరుగుతుందా అయ్యా, కంచు?" అన్నాడు తద్దేయో.

సభ నవ్వింది. ప్రభువు నవ్వలేదు. ఆయన బొటనవేలు ఖడ్గం మీదికి జారింది. ఆ రాజ్యంలో దొంగకు చేయి నరకడమే శిక్ష.

ఓర్సోలా ముందుకు వచ్చింది. "ప్రభూ, తీర్పు చెప్పే ముందు ఆ పలక ఒక్కసారి నా చేతికివ్వండి."

"ఏమమ్మా, ఇప్పుడు మరమ్మతు చేస్తావా?" అని కోశాధికారి ఎకసెక్కెమాడాడు.

ఆమె పలకను కిటికీ వెలుగుకు తిప్పింది. ఖడ్గం బంగారంలా మెరిసిపోతోంది. దీనుడి వీపు మీద కాస్తంత నిగనిగ. త్రాసు మాత్రం నల్లగా, చీకటిలా ఉంది.

"ఈ ఖడ్గానికి నేను పదునైన వాదర తీర్చాను ప్రభూ, అది అరిగిపోయింది. వేలు తగిలిన చోట కంచు మెరుస్తుంది, తగలని చోట నల్లబడుతుంది. త్రాసును చూడండి."

ప్రభువు చూశాడు. ఇన్నేళ్ల తన తీర్పులను తన వేలే ఆ పలక మీద చెక్కి ఉంచింది! గోరంత ముఖంతో న్యాయదేవత తననే చూస్తున్నట్టు తోచింది.

పలకను తిరిగి అందుకుని బొటనవేలిని త్రాసు మీద ఆన్చాడు. "చెప్పు తద్దేయో. కంచు ఏమైంది?"

"ప్రభూ, కరిగిన కంచు సన్నని కాలువల గుండా అచ్చులోకి దిగుతుంది. కొంత ఆ కాలువల్లోనే గడ్డకడుతుంది. దానిని కోసి తీసేశాకే గంటను తూస్తాం. ఆ ముక్కలన్నీ పోతగుంటలో ఉన్నాయి. కోశాధికారిగారు గంటను తూచారు, గుంటలోకి తొంగిచూడలేదు."

ముక్కలు తెచ్చి గంటతో కలిపి తూచారు. తూకం సరిపోయింది. తద్దేయో సంకెళ్లు ఊడాయి.

"ఖడ్గానికి మళ్లీ వాదర తీర్చనా ప్రభూ?" అని అడిగింది ఓర్సోలా.

"వద్దమ్మా. అలాగే ఉండనీ. నేను మరచిపోకూడదు."

ప్రభువు ముసలివాడయ్యేనాటికి ఆ పలక మీద త్రాసు ఉదయసూర్యుడిలా వెలిగేదట.

న్యాయదేవతను చేతబట్టినంత మాత్రాన న్యాయం జరగదు. శిక్షించే ముందు చెవి ఒగ్గి విన్నవాడే ధర్మాత్ముడు.