గవర్రాజు కాసిన గుడ్ల పందెం

గవర్రాజు అనే నక్కకు పందెం లేనిదే పూట గడవదు. కాలువ గట్టున ఏ బొరియలోంచి ముందు పీత బయటికొస్తుందో, గాలికి ఏ చెట్టు కాయ ముందు రాలుతుందో, దేనిమీదైనా సరే కాసేస్తాడు. ఓడినవన్నీ మర్చిపోయి, గెలిచిన ఒక్కటీ పదిమందికి చెప్పుకుంటాడు. అలాంటివాళ్లు మనలోనూ లేకపోలేదు లెండి.

ఒక మధ్యాహ్నం, ఒక రైతు ఇంటి కుక్క యజమానితో చేలోకి పోవడం చూసి, గవర్రాజు ఆ పెరట్లోని గడ్డిమేటు చాటుకొచ్చాడు. అక్కడ గంపలో వీరాయమ్మ అనే నల్లపెట్ట ఎనిమిది గుడ్ల మీద కూర్చుని ఉంది. ఆ గుడ్ల సంగతి మీకు చెబుతాను, మీరు మాత్రం నక్కకు చెప్పకండి. అవి బాతు గుడ్లు. బాతుకు పొదిగే ఓపిక ఉండదని ఇంటావిడ కోడి కింద పెట్టింది. ఆ ఊళ్లో అందరూ చేసే పనే. పోయినేడూ ఇలాగే పెట్టారు. పుట్టిన పిల్లలు తిన్నగా పోయి కాలువలో దూకితే, చచ్చిపోయాయనుకుని వీరాయమ్మ గట్టు మీద గుండెలు బాదుకుంది. అవి ఈదడం చూశాకగానీ బాతుపిల్లలని తెలియలేదు; ఈసారి మాత్రం గుడ్లు చూడగానే పోల్చుకుంది.

"కాస్త పక్కకి జరుగు చెల్లెమ్మా," అన్నాడు గవర్రాజు. "గుడ్లు తినేసి పోతాను, నీ జోలికి రాను."

వీరాయమ్మ రెక్కలు ఇంకా దగ్గరికి ముడుచుకుని గుడ్లను కప్పేసింది. అరిస్తే వచ్చేవాళ్లు లేరు, ఎగిరిపోతే గుడ్లు దక్కవు. కూర్చున్నది నిన్ననే అయినా, రెక్కల కింద పెట్టుకున్నాక అవి తన బిడ్డలే. అయితే ఈ గవర్రాజు బలహీనత ఏమిటో ఆవిడకు తెలుసు.

"తినండి అన్నయ్యగారూ, కాదన్నానా? కాకపోతే ఇవాళ తింటే ఉత్త సొన. పొదగనిస్తే ఎనిమిది పిల్లలు. బయటికొచ్చాక నేనే కాలువ గట్టుకు తీసుకొస్తాను. పట్టుకున్నన్ని మీవి, నేను కిక్కురుమనను. ఒక్కటీ పట్టలేకపోతే మాత్రం మళ్లీ ఈ పెరట్లో కాలు పెట్టకూడదు. కాస్తారా పందెం?"

ఆ చివరి మాటకు గవర్రాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి. గుడ్లోంచి వచ్చిన పిల్లల్ని తను పట్టలేకపోవడమా? గుడ్లు ఎంత లావున్నాయో చూసి, పిల్లలు ఇంకెంత ఉంటాయోనని లొట్టలేసుకుంటూ వెళ్లిపోయాడు. నోటిదాకా వచ్చింది వదిలేసి వచ్చావా అని ఇంట్లో పెళ్లాం దులిపేసింది. పందేల సంగతి నీకేం తెలుసని తిరిగి గుర్రుమన్నాడు.

ఇరవై ఒకటో రోజున, ఆకలి మీద ఉండాలని పొద్దుటి పీతలు కూడా మానేసి వచ్చాడు. ఇంకా వారం పడుతుందంది వీరాయమ్మ. గవర్రాజుకు ఒళ్లు మండి, అక్కడికక్కడే గుడ్లు మింగేద్దామనుకున్నాడు. కానీ ఇప్పుడు పందెం వదిలేసుకుంటే మూడు వారాల ఎదురుచూపు వృథా కదా అనిపించింది. ఎంత ఆలస్యమైతే అంత బలుస్తాయిలే అని తనకు తనే సర్దిచెప్పుకుని వెనుదిరిగాడు. వీరాయమ్మకు అప్పటికి ఊపిరి ఆడింది.

వారం పోయాక అన్నమాట ప్రకారం పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టెక్కింది. అడుగడుగునా భయమే, ఒక్కటి వెనకబడినా నక్క నోట్లోకే. తూము పక్కన కాచుకున్న గవర్రాజు గెంతేలోపే పిల్లలకు నీళ్లు కనిపించాయి. ఒకదాని వెనక ఒకటి బుడుంగుమని దూకేశాయి. గవర్రాజూ దూకాడు. గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకుని, పొట్టదాకా బురదలో దిగబడి, నాలుగు గుటకలు కాలువ నీళ్లు మింగి ఎలాగో గట్టెక్కాడు. పిల్లలు ఎనిమిదీ నడికాలువలో హాయిగా ఈదుతున్నాయి.

"మోసం," అన్నాడు రొప్పుతూ. "కోడిపిల్లలు ఈదడమేంటి?"

"గుడ్లు ఎన్నున్నాయో చూసుకున్నారు, ఎంత లావున్నాయో చూసుకున్నారు. ఎవరి గుడ్లని ఒక్కమాట అడిగారా అన్నయ్యగారూ?"

ఆడిన మాట తప్పితే రేపట్నుంచి గవర్రాజుతో ఎవరూ పందెం కాయరు. అందుకని తడిసిన తోక ఈడ్చుకుంటూ ఆ పెరడు వైపు చూడకుండా నడిచిపోయాడు, ఇంట్లో పెళ్లాం ఎదురుచూస్తోందని తెలిసి కూడా.

గెలిస్తే ఎంతొస్తుందో లెక్కేసుకునే ముందు, అసలు దేనిమీద కాస్తున్నామో అడిగి తెలుసుకోవాలి.